ట్రాక్ స్ప్రింట్ చూడటం ఎలా: హారీ లావ్రైసెన్ కెరీర్ వెంట ఒక ప్రయాణం

ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా మావాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వస్తుంది: "ఇద్దరు సైకిళ్ల మీద అంత నెమ్మదిగా తిరుగుతున్నారేంటి, రేసు మొదలవలేదా?" మొదలైంది. అసలైన భాగం నడుస్తున్నదే అప్పుడు. ఆ నెమ్మది తిరుగుడులో ఏం జరుగుతోందో కనిపించడం మొదలైతే చివరి పది సెకన్లు చూడటానికి కళ్లు చాలవు. ఈ ఆట ఎలా చూడాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నియమాల పుస్తకంతో మొదలుపెట్టకండి. ఒక మనిషిని పట్టుకుని, అతని రేసుల్ని వరసగా చూడండి. నా ఎంపిక డచ్ ట్రాక్ సైక్లిస్ట్ హారీ లావ్రైసెన్. నేను నెదర్లాండ్స్‌లో డెవెంటర్ అనే ఊళ్లో ఉంటాను, సొంతూరు కాకినాడ. డెవెంటర్‌లో రైలెక్కితే తర్వాతి పెద్ద స్టేషన్ ఆపెల్‌డోర్న్. అతను సాధన చేసే ఓమ్నిస్పోర్ట్ వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల స్టేడియం) ఆ ఊళ్లోనే ఉంది. డిసెంబర్ చివర్లో డచ్ జాతీయ పోటీలు అక్కడ జరిగితే వెళ్తుంటాను. అయితే అతన్ని ఎంచుకున్నది దగ్గరివాడని కాదు. స్ప్రింట్, కీరిన్, టీమ్ స్ప్రింట్ అనే మూడు రకాల రేసుల్లోనూ ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు కాబట్టి ఒక్కడి వెంట వెళ్తే మూడూ అర్థమవుతాయి.

ముందు గీతలు

ఏ రేసైనా పెట్టే ముందు ట్రాక్‌ని ఒకసారి తీరిగ్గా చూడండి. చెక్కతో చేసిన 250 మీటర్ల గుండ్రటి దారి. మలుపుల్లో ఏటవాలు 42 నుంచి 45 డిగ్రీల దాకా ఉంటుంది. టీవీలో ఇది తెలియదు. ఓమ్నిస్పోర్ట్‌లో రైలింగ్ పట్టుకుని కిందికి చూస్తే ఇది గోడా, దారా అనిపిస్తుంది. ట్రాక్ వెడల్పు సుమారు 7 మీటర్లు. అంటే మలుపులో పై అంచున ఉన్నవాడు కింద ఉన్నవాడికన్నా నాలుగు మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నట్టు. ఈ ఎత్తు గుర్తుపెట్టుకోండి, అదే ఇక్కడ పెట్టుబడి. పైనుంచి కిందికి దూకినవాడికి కాళ్లు ఖర్చు పెట్టకుండానే వేగం వస్తుంది.

ట్రాక్ మీద మూడు గీతలుంటాయి. అన్నిటికన్నా కింద నల్ల గీత, 250 మీటర్లు కొలిచేది దాని మీదే. దానికి కాస్త పైన ఎర్ర గీత. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి దారిని స్ప్రింటర్ లేన్ అంటారు. ముందున్నవాడు చివరి స్ప్రింట్ మొదలుపెట్టి ఆ లేన్‌లోకి దిగాడంటే ఇక అది అతని ఇల్లు. వెనకవాడు లోపలి వైపు నుంచి దూరకూడదు, బయటి నుంచే దాటాలి. ముందున్నవాడు కూడా పక్కకు జరిగి అతన్ని అడ్డుకోకూడదు. పైన నీలం గీత. స్ప్రింట్‌లో దాని పైకి ఎవరైనా ఎక్కుతున్నారంటే ఎత్తు కొనుక్కుంటున్నారని అర్థం.

సైకిల్ గురించి రెండు ముక్కలు చాలు. బ్రేకుల్లేవు. ఫ్రీవీల్ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది, కాళ్లు ఆపడం కుదరదు. గేర్ ఒక్కటే, రేసు మధ్యలో మార్చలేరు. ఈమధ్య స్ప్రింటర్ల ముందు చైన్ వీల్‌కి 60 పళ్లు దాటుతున్నాయి. అంత బరువైన గేర్‌ని కదిలించడం కష్టం, ఒకసారి కదిలాక ఆపడం ఇంకా కష్టం. అందుకే ఎప్పుడు కదలాలనే నిర్ణయానికి అంత విలువ. డచ్ జట్టు ఫ్రేములు కోగా కంపెనీవి. హేరెన్‌వేన్‌లో ఉన్న ఆ కంపెనీ ఇక్కడ మామూలు జనానికి టూరింగ్ సైకిళ్లు కూడా అమ్ముతుంది.

మొదటి పాఠం: గడియారం ఎంతవరకు

స్ప్రింట్ పోటీ ఫ్లయింగ్ 200తో మొదలవుతుంది. ఒక్కడే ట్రాక్ మీదికి వస్తాడు, పై అంచున వేగం పెంచుకుంటాడు, కిందికి దూకుతాడు, ఆఖరి 200 మీటర్లకు మాత్రమే సమయం కొలుస్తారు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ వీడియో వెతికి పెట్టుకోండి. ఆస్ట్రేలియా తరఫున మాథ్యూ రిచర్డ్‌సన్ 9.091 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఆ రికార్డు పేరు బోర్డు మీద ఆరకముందే లావ్రైసెన్ వచ్చి 9.088 చేశాడు. గంటకు 79 కిలోమీటర్ల వేగం, కాళ్లతో తొక్కి.

ఇక్కడ చూడాల్సింది దూకే చోటు. ఎవరు ఎంత పైనుంచి, మలుపులో ఏ బిందువు దగ్గర చక్రం తిప్పారో వీడియో ఆపి చూడండి. ఇద్దరి దారుల్నీ పక్కపక్కన పెట్టుకుంటే సెకనులో వెయ్యింట మూడు వంతుల ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చి ఉంటుందో మీరే ఊహించడం మొదలుపెడతారు.

అక్కడితో గడియారాన్ని పక్కన పెట్టండి. ఫ్లయింగ్ 200 వల్ల ఎవరు ఎవరితో పడాలో తేలుతుంది, అంతే. పైగా ఈ సమయాలు ట్రాక్‌ని బట్టి మారిపోతాయి. లావ్రైసెన్ సహచరుడు జెఫ్రీ హోగ్లాండ్ 2023లో ఒంటరిగా గడియారం మీద తొక్కే కిలోమీటర్ రేసులో 55.433 సెకన్ల రికార్డు చేసింది మెక్సికోలోని అగ్వాస్కాలియెంతెస్‌లో. సముద్రమట్టానికి 1800 మీటర్లకు పైన, పల్చటి గాలిలో. పారిస్ తర్వాత దేశం మారిన రిచర్డ్‌సన్ 2025 ఆగస్టులో బ్రిటన్ తరఫున టర్కీలోని కొన్యాలో వరసగా రెండు రోజులు 9 సెకన్ల గోడ దాటాడు, 8.941, తర్వాత 8.857. అదీ ఎత్తు మీద ఉన్న ఊరే. గొప్ప పనులే, అందులో సందేహం లేదు. కానీ ఒంటరిగా తొక్కిన వేగం చూసి ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఏం చేస్తాడో చెప్పలేం.

రెండో పాఠం: ఇజు, ఇద్దరు డచ్‌వాళ్లు

ఇది ఈ గైడ్‌లో నాకు ప్రాణమైన భాగం. టోక్యో ఒలింపిక్స్ ట్రాక్ పోటీలు జపాన్‌లోని ఇజు వెలోడ్రోమ్‌లో జరిగాయి. 2021 ఆగస్టు 6న పురుషుల స్ప్రింట్ ఫైనల్, లావ్రైసెన్‌కీ హోగ్లాండ్‌కీ మధ్య. ఒకే జట్టు, ఒకే ట్రాక్ మీద రోజూ కలిసి సాధన, మూడు రోజుల క్రితమే కలిసి టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచారు. ఒకరి అలవాట్లు ఒకరికి కంఠతా వచ్చు. మూడింట రెండు గెలవాలి. మొదటిది హోగ్లాండ్ గెలిచాడు. తర్వాత రెండూ లావ్రైసెన్ గెలిచాడు. ఈ విభాగంలో నెదర్లాండ్స్‌కి ఒలింపిక్ స్వర్ణం అంతకుముందు వచ్చింది 1932లో, యాకోబస్ వాన్ ఎగ్మండ్‌తో. మధ్యలో థియో బోస్ లాంటి ప్రపంచ చాంపియన్ కూడా 2004లో ఏథెన్స్ నుంచి రజతంతోనే తిరిగొచ్చాడు.

మూడు రేసుల్నీ మొదటిసారి మామూలుగా చూసేయండి. రెండోసారి ముందున్నవాడి తలను మాత్రమే చూడండి. రేసు 750 మీటర్లు, మూడు ల్యాపులు. లాటరీలో లోపలి స్థానం వచ్చినవాడు మొదట్లో ముందు నడవాలి. ముందు ఉండటం అంటే నష్టంతో మొదలవడమే. గాలిని చీల్చే పని అతనిదే, వెనకవాడేమో అతని గాలి చాటున బలం దాచుకుంటాడు. ముందున్నవాడికి వెనక్కి తిరిగి చూడక తప్పదు. వెనకవాడికి అంతా కళ్లెదుటే. అందుకే ముందున్నవాడు ఆగినంత పని చేసి, ఎదుటివాణ్ని ముందుకు తోసే ప్రయత్నం చేస్తాడు. పూర్తిగా నిలబడిపోవడం కూడా చట్టబద్ధమే, ఇప్పుడు గరిష్ఠంగా 30 సెకన్లు. ఈ పరిమితి లేని రోజుల్లో, 1968లో ఇటలీలోని వారేసేలో పెటెనెల్లా, బియాంకెట్టో గంటకు పైగా అలా నిలబడ్డారు.

కబడ్డీ చూసినవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది. రైడర్ బోనస్ గీత దగ్గర ఊరికే అటూ ఇటూ ఊగుతున్నట్టుంటాడు, నిజానికి కవర్ డిఫెండర్ కాలి బరువు ఏ వైపు పడిందో చూస్తుంటాడు. ఇక్కడా అంతే. వెనకవాడు ఎత్తు పెంచుకుంటుంటే ముందున్నవాడు తనూ పైకి జరుగుతాడు, దూకే దారి మూసేయడానికి. వెనకవాడు ఖాళీ వదులుతున్నాడంటే భయపడి కాదు. ఆ ఖాళీలో వేగం పెంచుకుని, చాటులోకి దూసుకొచ్చి, అదే ఊపుతో పక్కనుంచి దాటాలని. ముందున్నవాడు ఆ ఖాళీ గమనించి ఒక్క సెకను ముందే కదిలితే వెనకవాడి లెక్క మొత్తం తప్పుతుంది.

మూడోసారి చూసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: స్ప్రింట్ ఎక్కడ మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు? చాలామంది స్ప్రింటర్లకు ఒకే దారి తెలుసు, ముందు నుంచి లాగడమో, వెనక నుంచి పట్టడమో. లావ్రైసెన్ రెండూ చేస్తాడు. అతను ముందున్నాడని ఎదుటివాడు సంతోషించలేడు, వెనకున్నాడని నిబ్బరంగా ఉండలేడు. అతని రేసులు ఎన్ని చూసినా నాకు విసుగు రాకపోవడానికి కారణం ఇదే.

పారిస్ ఫైనల్లో రిచర్డ్‌సన్‌ని 2-0తో ఓడించాడు. అది కూడా చూడండి, కానీ ఇజు తర్వాత. నా మాట వింటే ఇజు ఫైనలే పెద్దది. వెనకబడి గెలిచాడు, తనని పూర్తిగా చదివిన మనిషి మీద గెలిచాడు.

ఈ పేలుడు బలం ఎక్కణ్నుంచి వచ్చింది?

లావ్రైసెన్ 1997 మార్చి 14న పుట్టాడు. ఊరు లౌక్స్‌గెస్టెల్, బెల్జియం సరిహద్దు దగ్గర బ్రాబాంట్‌లో చిన్న ఊరు. మొదట బి.ఎం.ఎక్స్. రైడర్, అంటే గుట్టల దారి మీద చిన్న సైకిళ్లతో ఎగురుతూ తొక్కే రేసు. బి.ఎం.ఎక్స్.లో గేటు పడగానే మొదటి కొన్ని సెకన్లలో ఉన్నదంతా పెట్టేయాలి, ఆ ఆటలో సగం రేసు అక్కడే తేలిపోతుంది. భుజం గాయాలు వదలకపోవడంతో ఆ ఆట సాగలేదు. గుట్టల మీదనుంచి ఎగిరే పని లేని చెక్క ట్రాక్ మీదికి వచ్చాడు.

తమ పిల్లల్ని ఇందులో చేర్చాలనుకునే తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. డచ్ పద్ధతిలో నాకు నచ్చింది ఈ ఆట మారే స్వేచ్ఛే. పదేళ్లకే ట్రాక్ స్ప్రింటర్ అని ముద్ర వేయరు. ఆర్న్‌హెమ్ పక్కన అడవిలో ఉన్న పాపెన్‌డాల్ జాతీయ క్రీడా కేంద్రంలో బి.ఎం.ఎక్స్. ట్రాకూ, జిమ్మూ, వైద్యులూ ఒకే ఆవరణలో ఉంటారు. ఒక ఆటలో ఆగిపోయిన కుర్రాడి బలం ఇంకో కోచ్ కంటపడే అవకాశం అక్కడ ఉంది.

డబ్బు సంగతి కూడా అడుగుతారు. రోడ్ సైక్లింగ్‌లో ఉన్నంత డబ్బు ట్రాక్‌లో లేదు. పై స్థాయి క్రీడాకారులకు డచ్ ఒలింపిక్ సంఘం ఎన్.ఒ.సి.-ఎన్.ఎస్.ఎఫ్. ద్వారా నెలవారీ స్టైపెండ్ అందుతుంది. లావ్రైసెన్ కొన్నేళ్లు బీట్ సైక్లింగ్ అనే క్లబ్ తరఫున తొక్కాడు, సభ్యులు చేరి నిలబెట్టుకునే క్లబ్ అది. స్పాన్సర్లుంటారు. కానీ మొత్తం జీవితం నాలుగేళ్లకోసారి వచ్చే ఒక వారం చుట్టూ తిరుగుతుంది.

మూడో పాఠం: టీమ్ స్ప్రింట్, ముగ్గురూ మూడు పనులు

ముగ్గురు, మూడు ల్యాపులు. ఒక్కో ల్యాప్ ఒకరు ముందుండి లాగి పక్కకు తప్పుకుంటారు. ఇది త్వరగా అర్థమయ్యే రేసు, కాబట్టి ఎక్కువ చెప్పను. మొదటివాడు స్టార్టర్. డచ్ జట్టుకు టోక్యోలోనూ పారిస్‌లోనూ ఆ పని రాయ్ వాన్ డెన్ బెర్గ్‌ది, సున్నా నుంచి బరువైన గేర్‌ని లేపాలి. రెండోవాడు లావ్రైసెన్, స్టార్టర్ చక్రం వదలకుండా అంటిపెట్టుకుని తర్వాత వేగాన్ని శిఖరానికి తీసుకెళ్లాలి. మూడోవాడు హోగ్లాండ్, కాళ్లు మండుతున్నా ఆ వేగం పడిపోకుండా ఒంటరిగా గీత దాకా మోయాలి.

చూడాల్సింది మొదటి అర ల్యాపులో వాళ్ల మధ్య ఖాళీ. ఒక సైకిల్ పొడవు తెగిందంటే గాలి చాటు పోయినట్టే, దాన్ని పూడ్చడానికి పెట్టిన బలం చివర్లో ఉండదు.

వీడియోలు ఈ వరసలో పెట్టుకోండి. 2018 ప్రపంచ చాంపియన్‌షిప్, సొంతగడ్డ ఆపెల్‌డోర్న్‌లో: లావ్రైసెన్ మొదటి ప్రపంచ టైటిల్ టీమ్ స్ప్రింట్‌లోనే వచ్చింది. 2020 బెర్లిన్: 41.225, అప్పటి ప్రపంచ రికార్డు. తర్వాత 2022 అక్టోబర్, సాన్-క్వెంటిన్-ఆన్-ఇవ్లీన్ వెలోడ్రోమ్, పారిస్ శివారు: ఆస్ట్రేలియా ఈ జట్టుని ఓడించింది. ఓటమిని వదిలేయకండి, తప్పకుండా చూడండి. ఎందుకంటే 2024 ఒలింపిక్స్ జరిగింది అదే చెక్క మీద. ఆగస్టు 6న ఫైనల్లో బ్రిటన్ మీద 40.949. 41 సెకన్ల లోపు ఎవరూ వెళ్లడం అదే మొదటిసారి. నిలబడ్డ చోటు నుంచి మొదలై 750 మీటర్లు, సగటున గంటకు 65 కిలోమీటర్ల పైన. ఆ ముగ్గురి మధ్య ఖాళీని ఒకసారి, 2022లో ఉన్న ఖాళీని ఒకసారి చూసి పోల్చుకోండి.

నాలుగో పాఠం: కీరిన్, ఒక్క క్షణం ఆలస్యం

జపాన్‌లో 1948లో పందేల ఆటగా పుట్టింది. ఆరుగురు ఒక మోటారు సైకిల్ వెనక వరసకడతారు. అది గంటకు 30 కిలోమీటర్ల నుంచి 50 దాకా వేగం పెంచుతూ మూడు ల్యాపులు తిప్పి పక్కకు తప్పుకుంటుంది. మిగిలిన మూడు ల్యాపులు వాళ్లవి.

దీనికి రెండు రేసులు. మొదటిది ఇజు, 2021 ఆగస్టు 8. మోటారు సైకిల్ తప్పుకునేటప్పటికి దాని వెనక మొదటి స్థానంలో బ్రిటన్‌కి చెందిన జేసన్ కెన్నీ, రెండో స్థానంలో ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ గ్లేట్జర్. కెన్నీకీ గ్లేట్జర్‌కీ మధ్య చిన్న ఖాళీ ఏర్పడింది. కెన్నీ అది చూశాడు, మూడు ల్యాపుల దూరం నుంచే లేచి వెళ్లిపోయాడు. వెనక ఉన్నవాళ్లందరికీ ఒకటే ఆలోచన: నేను వెంటపడితే నా చాటున మిగతావాళ్లొస్తారు, ఇంకెవరైనా వెళ్లనీ. ఆ తటపటాయింపులో స్వర్ణం వెళ్లిపోయింది. మలేసియాకు చెందిన అజీజుల్‌హస్నీ అవాంగ్‌కు రజతం, లావ్రైసెన్‌కు కాంస్యం. వీడియోని మోటారు సైకిల్ తప్పుకునే చోట ఆపి, కెన్నీని వదిలేసి వెనక ఐదుగురినే చూడండి. కాళ్లు సిద్ధంగా ఉండి కూడా ఎవరూ ముందుగా కదలరు.

రెండోది పారిస్, 2024 ఆగస్టు 11. లావ్రైసెన్‌కు స్వర్ణం, రిచర్డ్‌సన్‌కు రజతం, గ్లేట్జర్‌కు కాంస్యం. వెనక కొందరు పడిపోయారు. కీరిన్‌లో అది అరుదేం కాదు, మోచేతులు తగిలేంత దగ్గరగా తొక్కుతారు. ఇందులో లావ్రైసెన్ ఏ స్థానంలో మొదలుపెట్టాడు, చాటు ఎవరిది వాడుకున్నాడు, ఎప్పుడు బయటికొచ్చాడు, ఈ మూడే చూడండి. ఆ స్వర్ణంతో ఒకే ఒలింపిక్స్‌లో మూడు విభాగాలూ గెలిచినట్టయింది. మొత్తం ఐదు స్వర్ణాలు, ఒక కాంస్యం.

అదే ఏడాది అక్టోబర్‌లో డెన్మార్క్‌లోని బాలెరుప్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కిలోమీటర్ టైమ్ ట్రయల్ కూడా గెలిచాడు. ఆ పోటీలు ముగిసేసరికి అతని ప్రపంచ టైటిళ్లు 16కి చేరాయి. అంతకుముందు ట్రాక్‌లో అత్యధికం ఫ్రెంచ్ స్ప్రింటర్ ఆర్నో తుర్నాన్‌వి, 14. ఒలింపిక్స్ వారం ముగిసి రెండు నెలలు దాటిందో లేదో, విశ్రాంతి తీసుకోవాల్సిన కాళ్లతో, తన ప్రధాన విభాగం కాని రేసుకి వచ్చి గెలవడం చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

తర్వాత ఎవరిని చూడాలి

ఇంతవరకు వచ్చాక మహిళల వైపు రండి, ఆలస్యం చేయకండి. టోక్యో కీరిన్ స్వర్ణం షానె బ్రాస్పెనింక్స్‌ది. 2015లో ఆమెకు గుండెపోటు వచ్చింది. అక్కణ్నుంచి తిరిగి వచ్చి ఆరేళ్లకు ఒలింపిక్ చాంపియన్ అయింది. 2016 రియోలో అదే విభాగంలో స్వర్ణం ఎలిస్ లిఖ్ట్‌లేది, 2024 పారిస్‌లో రజతం హెట్టీ వాన్ డె వావ్‌ది. వాళ్ల ఫైనల్స్‌లో మోటారు సైకిల్ తప్పుకున్నాక మొదటి అర ల్యాపులో ఎవరు ఎవరి చాటు పట్టుకుంటున్నారో చూడండి. పురుషుల రేసులో నేర్చుకున్నదంతా ఇక్కడ పనికొస్తుంది.

స్వయంగా ఎక్కి చూడాలంటే

ఆమ్‌స్టెల్‌వేన్, ఆమ్‌స్టర్‌డామ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు దగ్గరిది స్లోటెన్ వెలోడ్రోమ్. అది 200 మీటర్ల ట్రాక్, కాబట్టి మలుపులు ఇంకా బిగుతుగా వస్తాయి. కొత్తవాళ్లకు ఆల్క్‌మార్‌లోని 250 మీటర్ల ట్రాక్, లేదా ఆపెల్‌డోర్న్ నేను సూచిస్తాను. కొత్తవాళ్లకు శిక్షకుడితో పరిచయ పాఠాలుంటాయి, సైకిల్ అద్దెకిస్తారు. ముందుగా బుక్ చేసుకోండి. బిగుతుగా ఉండే బట్టలు, చేతి తొడుగులు తీసుకెళ్లండి.

మొదట కింద చదునుగా ఉన్న నీలం పట్టీ మీద తిప్పిస్తారు. తర్వాత నల్ల గీత, ఆ తర్వాత మలుపు పైకి. అప్పుడు భయం వేసి వేగం తగ్గించాలనిపిస్తుంది. తగ్గించకూడదు. చాలినంత వేగం లేకపోతే ఏటవాలు మీద చక్రం జారుతుంది. మలుపుకు ముందే వేగం పెంచుకుని, చూపు చక్రం ముందు కాకుండా మలుపు అవతలికి పెట్టండి. కాళ్లు మాత్రం ఎప్పుడూ ఆపొద్దు, ఫ్రీవీల్ లేదని కాళ్లకు అర్థమయ్యేదాకా శిక్షకుడు ఇదే అరుస్తుంటాడు. ఆపాలంటే మెల్లగా వెనక్కి ఒత్తిడి పెడుతూ, కింది పట్టీ మీదికి దిగి, రైలింగ్ పట్టుకుని ఆగాలి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకైతే ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉంది. చెక్క ట్రాక్ కాదు, పైకప్పు లేదు. అయినా ఏటవాలు ఏటవాలే. ఈ గైడ్‌లోని వీడియోలు చూశాక అక్కడికి వెళ్లి, మలుపు పై అంచున నిలబడి, రెండో మలుపు నుంచి ఎక్కడ దూకితే 200 మీటర్ల గీత దగ్గర పూర్తి వేగం అందుతుందో కళ్లతో గీసుకుని చూడండి. తర్వాత పారిస్ క్వాలిఫికేషన్ మళ్లీ పెట్టుకుంటే లావ్రైసెన్ చక్రం తిప్పే ఆ చోటు మీకు ముందే తెలిసిపోతుంది.